వరి దిగుబడి ఎక్కడ తగ్గుతోందో లెక్కపెట్టి పట్టుకోవడం ఎలా

మా పొలం చేవెళ్ల అవతల ఉంది. వారమంతా హైదరాబాద్‌లో ఉద్యోగం, ఆదివారం పొద్దున్నే అప్పా జంక్షన్ దాటి పొలానికి పోవడం. నాలాగే షాద్‌నగర్ వైపో, ఇబ్రహీంపట్నం వైపో రెండు మూడు ఎకరాల వరి చూసుకునే మిత్రులు చాలామంది ఉన్నారు. కోతలు అయ్యాక ఫోన్ చేసి అడిగేవి రెండే ప్రశ్నలు: "ఈసారి ఏ విత్తనం వేద్దాం?", "ఇంకో బస్తా యూరియా వేసి ఉంటే బాగుండేదా?"

ఈ రెంటికీ జవాబు చెప్పాలంటే ముందు ఇంకొకటి తెలియాలి. మీ పొలంలో దిగుబడి ఎక్కడ తగ్గింది? మొక్కల దగ్గరా, గింజల సంఖ్య దగ్గరా, తాలు దగ్గరా? అది లెక్కపెట్టకుండా విత్తనం మార్చడమంటే జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా మాత్ర మార్చడమే. మొక్క శరీరధర్మం, అంటే మొక్క ఎప్పుడు ఏం తయారుచేసుకుంటుందో చెప్పే శాస్త్రం, ఇక్కడే పనికొస్తుంది. వంగడాలు తయారుచేసే శాస్త్రవేత్తలు కూడా ఈ లెక్కతోనే మొదలుపెడతారు. మీ పొలంలో మీరూ చేయగలరు. ఖర్చు కూడా పెద్దగా ఉండదు.

మొదటి పని: కోతకు వారం ముందు ఒక ఉదయం లెక్కపెట్టండి

నాలుగు ప్లాస్టిక్ పైపు ముక్కలు కలిపి, లోపలి కొలత సరిగ్గా మీటరు ఉండేలా చదరపు చట్రం చేసుకోండి. ఒక టేపు, ఒక నోటుబుక్కు, గ్రాములు చూపించే చిన్న డిజిటల్ త్రాసు కావాలి. వంటగది త్రాసు చాలు.

పొలంలో ఐదు చోట్ల చట్రం వేయండి. గట్టుకు రెండు మీటర్లు లోపలికి వెళ్లి వేయాలి. గట్టు పక్క వరుసలకు ఎండ, గాలి ఎక్కువ దొరుకుతాయి కాబట్టి అక్కడ కంకులు ఎప్పుడూ బాగానే ఉంటాయి, లెక్క తప్పుతుంది. బాగున్న చోటే వేయాలని మనసు లాగుతుంది. అందుకే ముందే నిర్ణయించుకుని, ఇరవై అడుగులకొకటి లెక్కన నడుస్తూ ఎక్కడ కాలు ఆగితే అక్కడే వేయండి.

ఒక్కో చట్రంలో ముందు కుదుళ్లు, తర్వాత కంకులు లెక్కపెట్టండి. ఆ చట్రంలో మధ్యస్థంగా ఉన్న ఒక కుదురును కోసి సంచిలో వేసుకోండి. ఇంటికొచ్చాక ఆ ఐదు కుదుళ్ల కంకులు దూసి, నిండు గింజలు, తాలు గింజలు వేరుచేసి లెక్కపెట్టండి. నిండు గింజలు బాగా ఆరాక వెయ్యి లెక్కపెట్టి తూకం వేయండి. పిల్లలుంటే పని తొందరగా అవుతుంది, వాళ్లకూ సరదాగా ఉంటుంది.

ఇప్పుడు మీ చేతిలో నాలుగు సంఖ్యలున్నాయి. చదరపు మీటరుకు కంకులు, కంకికి మొత్తం గింజలు, వాటిలో నిండినవాటి శాతం, వెయ్యి గింజల బరువు. శాతాన్ని 100తో, వెయ్యి గింజల బరువును 1000తో భాగించి నాలుగింటినీ గుణిస్తే దిగుబడి వస్తుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. సన్నగింజ రకం, మీటరుకు 33 కుదుళ్లు, కుదురుకు 9 కంకులు. మొత్తం 297 కంకులు. కంకికి 180 గింజలు, నిండినవి 80 శాతం, వెయ్యి గింజల బరువు 14 గ్రాములు. గుణిస్తే చదరపు మీటరుకు దాదాపు 599 గ్రాములు. ఎకరా అంటే 4,047 చదరపు మీటర్లు, కాబట్టి ఎకరాకు 24 క్వింటాళ్ల పైన.

ఇదే విత్తనం ఇంకో రైతు పల్చగా నాటించాడు. మీటరుకు 22 కుదుళ్లే పడ్డాయి. చోటు ఎక్కువ దొరికింది కాబట్టి కుదురుకు 11 కంకులు వచ్చాయి, చూడ్డానికి కుదుళ్లు గుబురుగా ఉన్నాయి. కానీ మొత్తం 242 కంకులే. మిగతావన్నీ అవే అనుకుంటే ఎకరాకు 19.7 క్వింటాళ్లు.

మూడో రైతు సరిగ్గా 33 కుదుళ్లు నాటించాడు, 297 కంకులూ వచ్చాయి. కానీ తాలు ఎక్కువ, నిండినవి 65 శాతమే. ఎకరాకు ఎంతొచ్చిందో చూడండి: మళ్లీ 19.7 క్వింటాళ్లే.

మిల్లు దగ్గర కాంటా మీద ఈ ఇద్దరి పొలాలూ ఒకటే. ఇద్దరూ నాలుగున్నర క్వింటాళ్లు పోగొట్టుకున్నారు. ఒకరు నాట్ల రోజునే పోగొట్టుకుంటే, ఇంకొకరు పూత సమయంలోనో ఆ తర్వాతో పోగొట్టుకున్నారు. ఇద్దరికీ ఒకే సలహా ఇస్తే ఒకరికైనా అది తప్పవుతుంది. ఇంకో బస్తా యూరియా అయితే ఇద్దరికీ తప్పే.

రెండో పని: తాలు గింజను వెలుతురులో పట్టి చూడండి

తాలు అంతా ఒకటే కాదు. ఎక్కువమంది రైతులు ఇక్కడే పొరపాటు పడతారు కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను.

తాలు గింజను బొటనవేలితో నొక్కి, ఎండకు ఎదురుగా పట్టి చూడండి. లోపల ఏమీ లేకుండా పల్చగా అట్టలా ఉంటే అక్కడ గింజ కట్టనే లేదు. పుప్పొడి పని చేయలేదన్న మాట. లోపల సగం బియ్యపుగింజ ఎండిపోయి కనిపిస్తే, గింజ కట్టింది కానీ మధ్యలో తిండి ఆగిపోయింది.

తర్వాత తాలు కంకిలో ఎక్కడుందో చూడండి. వరి కంకి పైనుంచి కిందకు పూస్తుంది, పైనుంచి కిందకే నిండుతుంది. కింది గింజలే తాలు అయ్యాయంటే మొక్క దగ్గర తిండి చాలలేదు. ఆకులు తొందరగా ఎండిపోయి ఉండొచ్చు, నీళ్లు ముందే తీసేసి ఉండొచ్చు, తెగులు వచ్చి ఉండొచ్చు. కంకి అంతటా అక్కడక్కడా తాలు ఉంటే పూత రోజుల్లో వేడో చలో తగిలింది. కంకి మొత్తం తెల్లగా ఉండి, లాగితే సులువుగా చేతికి వచ్చేస్తే అది కాండం తొలిచే పురుగు. కంకి మెడ దగ్గర నల్లబడి విరిగితే మెడవిరుపు, అంటే అగ్గి తెగులు.

ఒక యాసంగిలో మా బోరు మోటారు కాలిపోయి నారు పోయడం జనవరి రెండో వారానికి జరిగింది. ఏప్రిల్‌లో చేను చుట్టుపక్కల అందరికంటే పచ్చగా ఉంది. చూసినవాళ్లు మెచ్చుకున్నారు. నాకూ సంతోషమే. కానీ కంకులు వంగలేదు, కోత దాకా నిటారుగానే నిలబడ్డాయి. గింజ నొక్కి చూస్తే అన్నీ అట్టలే. ఆ రోజు గట్టు మీద కూర్చుని రోజులు లెక్కవేసుకున్నాక గానీ ఏం జరిగిందో అర్థం కాలేదు. ఆ లెక్కే తర్వాతి పని.

మూడో పని: కోత తేదీ నుంచి వెనక్కి లెక్కవేయండి

వరి జీవితాన్ని మూడు భాగాలుగా చూడొచ్చు. విత్తనం నుంచి అంకురం పడేదాకా (అంటే కాండం లోపల కంకి మొదలయ్యేదాకా) పెరుగుదల, అంకురం నుంచి పూత దాకా సుమారు 35 రోజులు, పూత నుంచి కోత దాకా మన వాతావరణంలో సుమారు 30 రోజులు. చివరి రెండు భాగాలూ ఏ రకానికైనా దాదాపు అంతే. 120 రోజుల రకానికీ 150 రోజుల రకానికీ తేడా అంతా మొదటి భాగంలోనే ఉంటుంది.

అందుకే సూత్రం చాలా తేలిక. రకం మొత్తం కాలంలోంచి 65 తీసేస్తే కంకికి అంకురం పడే రోజు. 30 తీసేస్తే పూత రోజు. 125 రోజుల తెలంగాణ సోనా అయితే విత్తిన 60వ రోజుకు అంకురం, 95వ రోజుకు పూత. 25 రోజుల నారు నాటితే నాటిన 35వ రోజుకే అంకురం పడుతుంది. 150 రోజుల సాంబ మసూరికి అదే అంకురం విత్తిన 85వ రోజున. ఇద్దరు పక్కపక్క రైతులు ఒకే రోజు నాటి, ఒకరిని చూసి ఒకరు ఒకే రోజు యూరియా చల్లితే ఒకరికి సమయం కచ్చితంగా తప్పుతుంది.

ఇప్పుడు మా యాసంగి సంగతి. 125 రోజుల రకం డిసెంబర్ 1న నారు పోస్తే పూత మార్చి మొదటి వారంలో వస్తుంది. జనవరి 10న పోస్తే ఏప్రిల్ 15కి వస్తుంది. చలికి నారు నెమ్మదిగా పెరిగితే ఇంకా వెనక్కి పోతుంది. వరి పువ్వు ఉదయం తొమ్మిది, పన్నెండు మధ్య తెరుచుకుని గంటసేపట్లో మూసుకుంటుంది. ఆ గంటలో వేడి 35 డిగ్రీలు దాటితే పుప్పొడి సరిగ్గా రాలదు, రాలినా మొలకెత్తదు. మన దగ్గర ఏప్రిల్ మధ్యలో ఎండ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. మా చేనులో తాలు గింజలు నారు పోసిన రోజునే ఖాయమయ్యాయి.

క్యాలెండర్ మీద మీ రకానికి ఈ రెండు తేదీలు ఇప్పుడే గుర్తు పెట్టుకోండి. ఆదివారాలు మాత్రమే పొలానికి వెళ్లేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. ఏ ఆదివారం మానుకోకూడదో తెలుస్తుంది.

నాలుగో పని: తగ్గిన సంఖ్యను అది తయారయ్యే రోజుల్లోనే సరిచేయండి

కంకుల సంఖ్య తక్కువైతే పని నాట్ల రోజున ఉంది. వానాకాలంలో చదరపు మీటరుకు 33 కుదుళ్లు, యాసంగిలో 44 కుదుళ్లు ఉండాలని మన వ్యవసాయ విశ్వవిద్యాలయం చెబుతుంది. చలిలో పిలకలు తక్కువ పెడతాయి, అందుకే యాసంగిలో దగ్గరగా నాటాలి. గుత్తకు నాటేవాళ్లకు ఎకరాకింత అని కూలి, ఎండలో వంగి చేసే పని, కాబట్టి దూరం దూరంగా పడటం సహజం. వాళ్లను తప్పుపట్టడం కంటే, ముందుగానే మాట్లాడుకుని కొంచెం ఎక్కువ కూలి ఇచ్చి, మొదటి గంటలో మీ చట్రం వేసి చూపించండి. నాలుగున్నర క్వింటాళ్ల ధరతో పోలిస్తే ఆ అదనపు కూలి ఎంత?

నారు 20 నుంచి 25 రోజులకు, నాలుగాకుల దశలో నాటాలి. పిలక అనేది ఆకు మొదట్లో ఉన్న మొగ్గలోంచి వస్తుంది. ముదురు నారు నాటితే కింది కణుపుల మొగ్గలు నారుమడిలోనే వృథా అయిపోతాయి. లోతుగా నాటినా అంతే, రెండు మూడు సెంటీమీటర్లు చాలు. ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తూర్పు పడమరలుగా వదిలితే వెలుతురు లోపలికి పోతుంది, దోమపోటు కూడా తగ్గుతుంది. నాటిన మూడు నాలుగు వారాలకు ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు వచ్చి మొక్క గిడసబారితే జింకు లోపం, లీటరుకు రెండు గ్రాముల జింకు సల్ఫేటు కలిపి పిచికారీ చేయండి.

కంకికి గింజలు తక్కువైతే అంకురం తేదీ చూసుకోండి. ఆ తేదీకి ఒకటి రెండు రోజులు అటూ ఇటూ ఒక ప్రధాన పిలకను మొదలంటా కోసి, బ్లేడుతో నిలువుగా చీల్చండి. పై కణుపు మీద తెల్లగా, ఈకలా, మిల్లీమీటరు పొడవున ఒక చిన్న మొన కనిపిస్తుంది. అదే రాబోయే కంకి. మొదటిసారి చూసినప్పుడు చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాను. ఎకరా పొలం తిండి అంతా అప్పటికి అంత చిన్న మొనలో ఉంటుంది. దానికి ఎన్ని కొమ్మలు, ఎన్ని గింజలు అన్నది అక్కడి నుంచి రెండు వారాల్లోనే తేలిపోతుంది. చివరి దఫా నత్రజని అప్పుడే వేయాలి. పూత వచ్చాక వేస్తే గింజల సంఖ్య పెరగదు, తెగులు మాత్రం పెరుగుతుంది.

ఎంత వేయాలన్నది మట్టి పరీక్షను బట్టి ఉంటుంది. అయినా ఒక లెక్క మనసులో ఉంచుకోండి. టన్ను ధాన్యం పండటానికి వరి 15 నుంచి 20 కిలోల నత్రజని తీసుకుంటుంది. 45 కిలోల యూరియా బస్తాలో ఉండేది సుమారు 20.7 కిలోలు. ఎకరాకు రెండున్నర టన్నులు అనుకుంటే 50 కిలోలకు మించి మొక్కకు అక్కర్లేదు, అందులోనూ కొంత మట్టే ఇస్తుంది. ఆకు రంగు పట్టిక, అంటే లేత నుంచి ముదురు దాకా పచ్చ రంగులకు సంఖ్యలు వేసిన పట్టీ, దొరికితే తెచ్చుకోండి. ఉదయం మీ నీడలో పెట్టి, పూర్తిగా విచ్చుకున్న పై ఆకును పోల్చాలి. పది ఆకుల్లో ఆరు మీ రకానికి చెప్పిన సంఖ్య కంటే లేతగా ఉంటేనే యూరియా వేయండి.

తాలు ఎక్కువైతే పై తేదీ లెక్కతో నారు పోసే రోజు మార్చడం అన్నిటికంటే పెద్ద మందు. అది కాక, పొట్టదశ (కంకి ఇంకా ఆకు తొడుగు లోపలే ఉండే దశ) నుంచి పూత అయ్యేదాకా పొలంలో ఐదు సెంటీమీటర్ల నీరు నిలిపి ఉంచండి. మిగతా దశల్లో ఆరుతడి పెట్టినా నష్టం లేదు, ఈ దశలో మాత్రం ఒక్క వారం ఎండినా పుప్పొడి చచ్చిపోతుంది. నీరున్న మడిలో గాలి కూడా కాస్త చల్లగా ఉంటుంది. పూత రోజుల్లో మందు కొట్టాల్సి వస్తే సాయంత్రమే కొట్టండి, పువ్వులు తెరుచుకునే పొద్దుటి వేళ వద్దు.

ఆ తర్వాత పై మూడు ఆకులను కాపాడండి. గింజలో చేరే పిండిలో ఎక్కువ భాగం పూత తర్వాత ఈ ఆకులు తయారుచేసేదే, అందులో పోటాకు, అంటే అన్నిటికంటే పై ఆకు, వంతు పెద్దది. మిగిలింది పూతకు ముందే కాండంలో దాచుకున్నది. కింది గింజలు చివర్లో నిండుతాయి కాబట్టి కోతకు పది రోజుల ముందు దాకా తేమ ఉండాలి. హార్వెస్టర్ దిగబడుతుందన్న భయంతో మరీ ముందే నీళ్లు తీసేస్తే ఆ కింది గింజలే పోతాయి.

వెయ్యి గింజల బరువు గురించి పెద్దగా టెన్షన్ పడక్కర్లేదు. వరిలో పొట్టు సైజు పూతకు ముందే ఖాయమైపోతుంది, బియ్యపుగింజ అంతకు మించి పెరగలేదు. అది చాలావరకు రకాన్ని బట్టి ఉంటుంది.

ఐదో పని: గడ్డిని కూడా తూచండి

కోసిన ఐదు కుదుళ్ల గింజలు, గడ్డి విడివిడిగా ఆరబెట్టి తూచండి. మొత్తం బరువులో గింజల వంతు ఎంతో చూడండి. పాత పొడుగు రకాల్లో ఇది పదిలో మూడు వంతులు. ఇప్పటి పొట్టి రకాల్లో దాదాపు సగం.

ఈ తేడా వెనుక పెద్ద కథే ఉంది. పొడుగు రకాలకు ఎరువు వేస్తే గడ్డి పెరిగి చేను పడిపోయేది. తైవాన్‌కు చెందిన 'డీ జియో ఊ జెన్' అనే పొట్టి రకాన్ని ఇండోనేషియా పొడుగు రకం పెటాతో కలిపి ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1966లో ఐఆర్8ను విడుదల చేసింది. పొట్టితనానికి కారణం ఒకే ఒక్క జన్యువు. అది పనిచేయకపోతే మొక్కలో గిబ్బరెల్లిన్ అనే పెరుగుదల హార్మోను తక్కువగా తయారవుతుంది, కాండం సాగదు. దీనికి ఎదురు ఉదాహరణ మన నారుమడిలోనే కనిపిస్తుంది. ఒక్కోసారి కొన్ని మొక్కలు పాలిపోయి పక్కవాటికంటే సన్నగా, పొడుగ్గా సాగుతాయి. వాటిలో చేరిన బూజు అదే హార్మోనును అతిగా తయారుచేయడమే కారణం. ఆ మొక్కలు నాటకండి, పీకేయండి.

మీ లెక్కలో గింజల వంతు పదిలో నాలుగు కంటే తక్కువ వస్తే ముఖ్యంగా రెండు కారణాలుంటాయి, తాలు ఎక్కువవడమో నత్రజని ఎక్కువై ఆకు పెరగడమో. ఆకు మరీ గుబురైతే కింది ఆకులకు వెలుతురు అందదు. అవి తయారుచేసేదాని కంటే తినేదే ఎక్కువవుతుంది. రాత్రి వేడి కూడా ఇలాగే నష్టం చేస్తుంది. పగలు తయారైన తిండిని మొక్క రాత్రి శ్వాసలో ఖర్చుపెట్టేస్తుంది. ఆ ఫిలిప్పీన్స్ సంస్థ పొలాల్లోనే జరిగిన ఒక అధ్యయనంలో, ఎండాకాలపు పంటకు రాత్రి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే దిగుబడి సుమారు 10 శాతం తగ్గినట్టు 2004లో తేలింది.

ఆరో పని: ఇప్పుడు విత్తనం ఎంచుకోండి

ఇక్కడి దాకా వచ్చాక విత్తనం ప్రశ్న మారిపోతుంది. 'ఏది బాగా పండుతుంది' అని కాకుండా 'నా పొలంలో తగ్గే సంఖ్యను ఏది నిలబెడుతుంది' అని అడగాలి.

రకాల పేర్ల ముందున్న అక్షరాలు అవి పుట్టిన చోటు చెబుతాయి. ఆర్‌ఎన్‌ఆర్ అంటే రాజేంద్రనగర్, జేజీఎల్ జగిత్యాల, కేఎన్‌ఎం కూనారం, ఎంటీయూ మార్టేరు, బీపీటీ బాపట్ల. మనకు దగ్గర నేలల్లో, దగ్గర వాతావరణంలో ఎంపికైన రకానికి మొదటి అవకాశం ఇవ్వడం మంచిది.

నీళ్లు ఆలస్యంగా వచ్చే చోట 150 రోజుల సాంబ మసూరి పెడితే పూత చలిలో పడుతుంది. అక్కడ 2015లో విడుదలైన తెలంగాణ సోనా, అంటే ఆర్‌ఎన్‌ఆర్ 15048 లాంటి 125 రోజుల సన్నరకం సరిపోతుంది. తాలుకు కారణం బాక్టీరియా ఎండాకు తెగులు అయి, సాంబ మసూరి బియ్యమే కావాలనుకుంటే మెరుగైన సాంబ మసూరి వేయండి. రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ, హబ్సిగూడలోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) కలిసి చేసిన ఈ రకం 2008లో వచ్చింది. దీనిలో తెగులును తట్టుకునే మూడు జన్యువులు ఉన్నాయి. ఒక్క జన్యువు ఉన్నా మొక్క పచ్చగానే కనిపిస్తుంది కాబట్టి మూడూ చేరాయా లేదా అన్నది కంటితో తెలియదు. అందుకే ప్రతి తరంలో ఆకు ముక్క తీసి డీఎన్‌ఏ గుర్తులు చూసి మొక్కలను ఎంచుకున్నారు. మూడెందుకంటే, బాక్టీరియా మారి ఒక తాళం తెరిచినా ఇంకో రెండు మిగులుతాయి.

కొత్తగా వచ్చినది జన్యు సవరణ. 2025 మేలో 'కమల' పేరుతో డీఆర్‌ఆర్ ధాన్ 100ను ప్రకటించారు. ఇది కూడా రాజేంద్రనగర్ వరి సంస్థ పనే. అంకురం దశలో చూసిన తెల్లటి మొన గుర్తుందా? అక్కడ సైటోకైనిన్ అనే హార్మోను ఎంత ఉంటే అన్ని గింజలు ఏర్పడతాయి. ఆ హార్మోనును విరగ్గొట్టే ఎంజైము జన్యువును సాంబ మసూరిలో సవరించారు. దిగుబడి 19 శాతం ఎక్కువ, కోత సుమారు 20 రోజులు ముందు అని ప్రకటనలో చెప్పారు. నాకిది నిజంగా ఉత్సాహాన్నిచ్చే విషయం. అయినా ఒక మాట గుర్తుంచుకోవాలి. గింజలు ఎక్కువైతే వాటిని నింపే ఆకులు, వెలుతురు, నీరు కూడా కావాలి. ఇప్పటికే కింది గింజలు నిండని పొలంలో ఇలాంటి విత్తనం వేస్తే తాలు పెరుగుతుంది. ముందు ఆ లోటు సరిచేసుకోండి.

హైబ్రిడ్లు వేసేవాళ్లు ప్రతి పంటకూ విత్తనం కొనాల్సిందే. దాచుకున్న హైబ్రిడ్ గింజలు నాటితే మొక్కలు పొట్టీ పొడుగూగా, ముందూ వెనకా ఈనుతూ వస్తాయి.

విత్తనం కోసం రాజేంద్రనగర్ వెళ్లండి. వ్యవసాయ విశ్వవిద్యాలయంలో సాధారణంగా మే నెలలో విత్తన మేళా జరుగుతుంది. అక్కడ శాస్త్రవేత్తలను నేరుగా అడగొచ్చు. మీ నాలుగు సంఖ్యలు రాసిన కాగితం తీసుకుపోయి చూపించండి. మామూలుగా దొరికే జవాబుకూ, ఆ కాగితం చూశాక దొరికే జవాబుకూ చాలా తేడా ఉంటుంది.

ఏడో పని: పొలమంతా మార్చకముందు ఆరు పట్టీల్లో చూడండి

కొత్త రకాన్ని రైతుల పొలాల్లో చిరుసంచులతో, అంటే కొద్దిపాటి విత్తనం ఇచ్చి, పరీక్షించాకే విడుదల చేస్తారు. మీరూ అదే చేయండి. ఒకే మడిలో పక్కపక్కన ఆరు పట్టీలు. పాతది, కొత్తది, కొత్తది, పాతది, పాతది, కొత్తది. ఈ వరుస ఎందుకంటే, మడికి ఒక పక్క మట్టి బాగుంటే ఆ లాభం ఒకే రకానికి పోకూడదు. నాటే రోజు, కుదుళ్లు, నీరు అన్నిటికీ ఒకటే. యూరియా చివరి దఫా మాత్రం ఏ రకానికి దాని అంకురం తేదీన వేయాలి.

కోత రోజు ఒక్కో పట్టీ మధ్యలో ఐదు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు కొలిచి విడిగా కోయించండి. తూకం, తేమ రాసుకోండి. తేమ మీటరు కొనుగోలు కేంద్రంలో ఉంటుంది. తూకాన్ని 100లోంచి తేమ తీసేయగా మిగిలిన దానితో గుణించి 86తో భాగిస్తే 14 శాతం తేమ దగ్గర బరువు వస్తుంది. దాన్ని 162తో గుణిస్తే ఎకరా దిగుబడి. ఉదాహరణకు 20 శాతం తేమతో 15 కిలోలు వస్తే అసలు బరువు 13.95 కిలోలు, ఎకరాకు 22.6 క్వింటాళ్లు.

మూడు జతల్లోనూ కొత్తదే గెలిస్తే వచ్చే పంటకు ధైర్యంగా పెంచుకోండి. రెండు గెలిచి ఒకటి ఓడితే ఇంకో పంట చూడండి. పాత రకం పట్టీల మధ్యే రెండు మూడు క్వింటాళ్ల తేడా వస్తే, విత్తనం కంటే ముందు ఆ మడి చదును చేయించాలి.

జొన్న, సజ్జ, మొక్కజొన్న వేసేవాళ్లకు

లెక్క ఇదే, సమయాలు మారతాయి. ఈ మూడు పంటలూ వరి కంటే వేడిని, ఎండను బాగా వాడుకుంటాయి. కార్బన్ డయాక్సైడును ముందుగా ఆకులో ఒకచోట పోగుచేసుకునే ఏర్పాటు వాటికి ఉంది, వరికి లేదు. మొక్కజొన్నలో పీచు వచ్చే పది పదిహేను రోజులు నీళ్లు తప్పకూడదు. అప్పుడు ఎండితే కండెలో గింజలు కట్టవు. తాండూరు, జహీరాబాద్ వైపు నల్లరేగడిలో యాసంగి జొన్న వేసేవాళ్లు, గింజ నిండే దాకా ఆకు పచ్చగా నిలిచే రకం చూసుకోండి. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఈ గుణం మీద ఏళ్ల తరబడి పనిచేస్తోంది. మట్టిలో నీటిని పూతకు ముందే తాగేయకుండా కొంత మిగుల్చుకునే మొక్క చివర్లో పచ్చగా ఉంటుందని అక్కడి పరిశోధనలు చూపాయి. సజ్జలో వెర్రికంకి తెగులును తట్టుకునే హైబ్రిడ్ వేయండి.

చివరి పని: మీ విత్తనం మీరే దాచుకోండి

వరి తన పుప్పొడితోనే గింజ కడుతుంది, పక్క చేను పుప్పొడి చేరేది చాలా అరుదు. అందుకే హైబ్రిడ్ కాని రకాన్ని రెండు మూడు పంటల దాకా సొంత విత్తనంగా వాడుకోవచ్చు, చట్టం కూడా దీనికి అనుమతిస్తుంది. గట్టుకు దూరంగా, చదునుగా, తెగులు లేని ఒక చిన్న మడిని పూతకు ముందే గుర్తుపెట్టుకోండి. పూత సమయంలో ఒకసారి, కోతకు ముందు ఒకసారి అందులో నడిచి పొడుగ్గా ఉన్నవి, ముందు ఈనినవి, గింజ రంగు వేరుగా ఉన్నవి మొదలంటా పీకేయండి. ఆ మడిని మనుషులతో కోయించండి. హార్వెస్టర్‌తో కోయిస్తే ముందు కోసిన పొలం గింజలు అందులో కలుస్తాయి. 12, 13 శాతం తేమకు ఆరబెట్టి, కొత్త గోనెసంచిలో పోసి, రకం పేరు, కోత తేదీ రాసిన చీటీ సంచి లోపల ఒకటి, బయట ఒకటి కట్టండి. నారు పోసే పది రోజుల ముందు వంద గింజలు తడిగుడ్డలో చుట్టి మొలక చూడండి. ఎనభై కంటే తక్కువ మొలిస్తే ఆ విత్తనం వండుకోవడానికి ఉంచి, కొత్తది తెచ్చుకోండి.